స్మృతియు గణనయు: ఒక సంవాదము

విశాఖపట్టణమున గిగావాట్టు ప్రమాణము గల డేటా సెంటరును నెలకొల్పుటకై ఐదేండ్లలో 1,500 కోట్ల డాలర్లు వెచ్చింపనున్నట్లు గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించినది మొదలు, కృత్రిమ మేధ యను మాట వినబడినచోట నెల్ల విద్యుత్తు అను మాటయు దాని వెంటనే వినవచ్చుచున్నది. గిగావాట్టనగా నెంతయో ఊహించుట కష్టము. ఆ నగరపు పొలిమేరనే బొగ్గు మండించి పనిచేయు సింహాద్రి విద్యుత్కేంద్రపు నాలుగు యూనిట్లును నిండుగా నడచినచో వచ్చునది రెండు గిగావాట్లు. అందులో సగమునకు సరియగు శక్తిని ఒక్క గణనాగార సముదాయమే అహోరాత్రములు కోరుననినప్పుడు, ఆ యంత్రములు ఆ శక్తిని దేనికై వెచ్చించుచున్నవో విచారింపకుండుట పౌరులకు తగదు. లోకమంతటను డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్-గంటల విద్యుత్తును, అనగా ప్రపంచ వినియోగములో ఇంచుమించు ఒకటిన్నర శాతమును గ్రహించినవని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా కట్టినది.

ఈ సంవాదమున మాటలాడువా రిరువురు. ఒకరు కాల్కోజెనైడు గాజులపై జీవితకాలము పరిశోధన సలిపి విశ్రాంతులైన భౌతికశాస్త్రాచార్యులు. మరియొకరు వారి పూర్వశిష్యురాలు, హైదరాబాదులో చిప్పులకు రూపకల్పన చేయు ఇంజనీరు. గురువుది నూతన పదార్థముల పక్షము, శిష్యురాలిది సిలికాను పక్షము. యౌవనము నూతనత్వమును, వార్ధక్యము ప్రాచీనతను సమర్థించునను లోకాభిప్రాయము ఇచ్చట చెల్లదు. ఒకరు ప్రయోగశాలలో ఒక కణము పనిచేయుట చూచి ఆనందించినవారు, మరియొకరు కోట్ల కణములు ఏకముఖముగా పనిచేయకున్నచో సమాధానము చెప్పుకొనవలసినవారు. వారి వాదములోని ప్రధానాంశములను, అక్కడక్కడ నా అభిప్రాయమును జోడించి, ఇచ్చట వ్రాయుచున్నాను.

ఆచార్యులు: అమ్మాయీ, నీవు దినమెల్ల ఈ చిప్పులతోడనే గడుపుదానవు. పక్షముల మాట పిమ్మట. ముందు నిజము చెప్పుము. ఇంత విద్యుత్తును ఆ యంత్రములు లెక్క కట్టుటకే కాల్చుచున్నవా?

ఇంజనీరు: లెక్క కట్టుటకు కొంత, మాస్టారూ, ఆ లెక్కకు కావలసిన అంకెలను ఒకచోటి నుండి మరియొకచోటికి చేరవేయుటకు దానికంటె ఎన్నియో రెట్లు. స్టాన్‌ఫర్డు ఆచార్యుడు మార్క్ హొరొవిట్జ్ 2014లో ప్రకటించిన పట్టికను మా వృత్తిలో చూడనివా రరుదు. 45 నానోమీటర్ల చిప్పులో 32 బిట్ల దశాంశసంఖ్యలను రెండింటిని గుణించుటకు 4 పికోజౌళ్లకు లోబడిన శక్తి చాలును. ఆ పట్టికను బట్టియే చూచినచో, అవే 32 బిట్లను చిప్పునకు వెలుపలనున్న డీర్యామ్ స్మృతి నుండి తెచ్చుటకు సుమారు 640 పికోజౌళ్లు కావలెను. ఎనిమిది బిట్ల పూర్ణాంకములకు దిగినచో గుణకారమునకు 0.2 పికోజౌలు మాత్రమే యగును గాని, తెచ్చు శ్రమ ఆ నిష్పత్తిలో తగ్గదు.

ఆచార్యులు: నీవు చెప్పిన ఈ అంకెలే నా వాదమునకు పునాది. బస్తా ధాన్యమును మరపట్టించుటకు రూపాయియు, దానిని గాదె నుండి మర వరకు మోయుటకు నూట అరువది రూపాయలును కూలి యైనచో, ఏ సంసారియు మరకు కొత్త పళ్లు బిగించుటను గూర్చి ఆలోచింపడు. మరను గాదె యొద్దకే తెచ్చుకొనును. స్మృతి యొకచోట, గణన యొకచోట నుండవలెనను ఏర్పాటు 1945లో వాన్ నాయ్‌మన్ వ్రాసిన నివేదిక మొదలుకొని కంప్యూటర్లకు శాసనమైనది. ఆనాడు గణనకు వాక్యూము ట్యూబులు, స్మృతికి పాదరసపు నాళములు. రెండింటి పదార్థములును వేరు, ధర్మములును వేరు గనుక వాని నెడబాపి యుంచుట సహజమే. నేడు ఒకే పదార్థము అంకెను జ్ఞాపకముంచుకొనుచు, ఆ జ్ఞాపకముతోడనే లెక్కయు కట్టగలిగియుండగా ఆ ఎడబాటు ఏల?

ఇంజనీరు: కట్టగలదనుట సులభము. ఎట్లు కట్టునో విప్పి చెప్పుడు.

ఆచార్యులు: ఓమ్ సూత్రమును, కిర్ఖాఫ్ సూత్రమును చదివిన ఇంటర్మీడియట్ విద్యార్థికి బోధపడు విషయమే. అడ్డముగా కొన్ని సన్నని లోహపు తీగలు, వానిపై నిలువుగా మరికొన్ని తీగలు, అవి యొకదానినొకటి దాటు ప్రతి కూడలియందును అతి సూక్ష్మమైన పదార్థకణము. ఆ కణము విద్యుత్తును ఎంతమాత్రము పోనిచ్చునో, ఆ వాహకత్వమే నాడీజాలములలో మీరు వెయిట్టని పిలుచు అంకె. అడ్డతీగలకు ఇన్‌పుట్టు అంకెలను వోల్టేజిలుగా అందించినచో, ప్రతి కూడలియందును వోల్టేజి వాహకత్వముచే గుణింపబడి ప్రవాహమగును. ఒక నిలువుతీగలోనికి దిగు ప్రవాహములన్నియు తమంతట తామే కూడుకొనును. గుణకారము ఓమ్ సూత్రము వలనను, కూడిక కిర్ఖాఫ్ సూత్రము వలనను ప్రకృతిసిద్ధముగా జరిగిపోవును. వేయి అడ్డతీగలు, వేయి నిలువుతీగలు గల జాలములో పది లక్షల గుణకారములు ఏకకాలమున ముగియును. ఒక్క వెయిట్టైనను తన స్థానమునుండి కదలదు. కృత్రిమ మేధ చేయు పనిలో సింహభాగము ఈ మాత్రికా గుణకారమే గదా!

ఇంజనీరు: ఆ కూడలిలోని కణమును గూర్చియే నా సందేహములన్నియు. అది ఏ పదార్థము?

ఆచార్యులు: పలు పదార్థములు పోటీపడుచున్నవి. నాకు చిరపరిచితమైనది జెర్మేనియము, ఆంటిమొని, టెల్యూరియముల మిశ్రమము. ఈ కాల్కోజెనైడు జాతి గాజులు విద్యుత్ తాకిడికి స్థితి మార్చుకొనునని స్టాన్‌ఫర్డ్ ఓవ్‌షిన్‌స్కీ 1968లో ప్రకటించెను. కొన్ని పదుల నానోమీటర్ల వెడల్పు గల తాపకస్తంభముపై ఈ మిశ్రమపు పొర యుండును. బలమైన తాకిడి నొకదానిని కొన్ని నానోసెకండ్లు పంపి చటుక్కున ఆపినచో, తాపకమునకు పైనున్న భాగము సుమారు 600 డిగ్రీల సెల్సియస్ వద్ద కరగి, పరమాణువులు వరుస తీరుటకు వ్యవధి లేక గాజుగా గడ్డకట్టును. ఆ గాజు ప్రవాహమును నిరోధించును. తాకిడి కొంత మందమై, కొంత దీర్ఘమైనచో అదే ముద్ద స్ఫటికమై దారి విడుచును. రెండు స్థితుల నిరోధములకును నూరు రెట్లు, వేయి రెట్లు భేదము గలదు. గాజు భాగమును పెంచుచు తగ్గించుచు మధ్యవిలువలను గూడ నిలుపవచ్చును. ఇట్టి స్థితిమార్పునే దశాపరివర్తన మందురు; విద్యుత్తు తీసివేసినను ఆ స్థితి చెదరదు. తిరిగి వ్రాయదగిన డీవీడీలలో కాంతితో మనము వాడుకొన్నది ఈ జాతి పదార్థమునే. ఇక టైటానియము డయాక్సైడు, హాఫ్నియము ఆక్సైడు వంటి ఆక్సైడులలో ఆక్సిజను ఖాళీల కదలిక వలన నిరోధము మారును. లియోన్ చువా 1971లో గణితముగా ఊహించిన మెమ్‌రిస్టరు ఇదియే యని హెచ్‌పీ ప్రయోగశాలవారు 2008లో చెప్పుకొన్నది అట్టి పదార్థమును జూపియే.

ఇంజనీరు: మీరు నిలువుతీగ పైభాగమును కన్నులకు కట్టునట్లు వర్ణించితిరి, మాస్టారూ, అడుగుభాగమును చెప్పలేదు. ప్రవాహములు కూడుకొనినవి, సరియే. ఆ మొత్త మెంత? తరువాతి పొరకు పంపుటకు దానిని మరల అంకెగా మార్చవలెను గదా. అందుకై ప్రతి నిలువుతీగ క్రిందనో, కొన్ని తీగలకు ఉమ్మడిగానో ఏడీసీ యను పరివర్తకము నుంచవలెను. యూటా విశ్వవిద్యాలయమువారును హెచ్‌పీ ప్రయోగశాలవారును కలిసి 2016లో ఐజాక్ అను పేర ప్రకటించిన రూపకల్పనలో, ఒక్కొక్క టైలు, అనగా కొన్ని జాలములను కూర్చిన చిప్పుభాగము, వాడుకొను విద్యుత్తులో సగమునకు మించి ఈ పరివర్తకములే హరించినవి. మీ పదార్థము గుణకారమును ఉచితముగా చేసిపెట్టుచున్నది. దాని ఫలితమును చదువుకొనుటకు మేము కప్పము కట్టుచున్నాము. ఒక్కొక్క బిట్టు సూక్ష్మత కోరినకొలది ఆ కప్పము ఇంచుమించు రెట్టింపగుచు పోవును.

ఆచార్యులు: అంతటి సూక్ష్మత మీకేల? ఈ నాడీజాలములు ఎనిమిది బిట్లతో, కొన్నియెడల నాలుగు బిట్లతోడనే తృప్తిపడుచున్నవని మీ వారే తేల్చిరి గదా. శిక్షణ కాలముననే కొంత అలజడిని కలిపి అభ్యాసము చేయించినచో, పిమ్మట కణములలోని చిన్న దోషములను అవి లెక్కచేయవు. 2023లో ఐబీఎమ్ వారు నేచర్ పత్రికలో ప్రకటించిన చిప్పును చూడుము. 14 నానోమీటర్ల ట్రాన్సిస్టర్ల మీద మూడున్నర కోట్ల దశాపరివర్తన కణములు. వాట్టుకు సెకనునకు 12.4 లక్షల కోట్ల గణనక్రియలు. ఒక టైలు ఫలితమును మరియొక టైలునకు అంకెగా గాక తాకిడియొక్క వ్యవధిగా పంపిరి. నీవు చెప్పిన కప్పములో చాల భాగము ఆ ఉపాయముతో తప్పినది.

ఇంజనీరు: ఆ వ్యాసమును నేను అక్షరాక్షరము చదివితిని, అది మా తరములో జరిగిన గొప్ప ఇంజనీరింగు పనులలో నొకటి యని నిస్సంకోచముగా ఒప్పుకొందును. కాని అందులోని మరియొక లెక్కను గూడ చూడవలెను. మనుష్యుని మాటను అక్షరములుగా మార్చు నాడీజాలమును వారు దానిపై నడిపిరి. దానికి నాలుగున్నర కోట్ల వెయిట్లు. వానిని నిలుపుటకు 14 కోట్లకు మించిన కణములు, ఐదు చిప్పులు కావలసివచ్చినవి. ధన ఋణముల జోడి కొరకును, సూక్ష్మత కొరకును ఒక్కొక్క వెయిట్టునకు మూడేసి కణములకు తక్కువ కాలేదు. నేడు సంభాషించు భాషా నమూనాలలో 7,000 కోట్ల వెయిట్లు గలవి సర్వసాధారణము. మూడుచేత గుణింపుడు: 21,000 కోట్ల కణములు. చిప్పునకు మూడున్నర కోట్ల చొప్పున భాగింపుడు: 6,000 చిప్పులు. వానిని కలుపు తీగలలో మీరు తప్పించితిమనుకొన్న మోతకూలి మరల పుట్టును.

ఆచార్యులు: ప్రథమ ప్రయత్నమైన పరిశోధనా చిప్పును కొలబద్దగా తీసికొని నీవు భాగించుచున్నావు. ఇంటెల్, మైక్రాన్ సంస్థలు 2015లో వెల్లడించిన త్రీడీ క్రాస్‌పాయింటు స్మృతిలో ఒక్క చిప్పునందే 128 గిగాబిట్లు, అనగా 12,800 కోట్లకు పైబడిన కణములు రెండంతస్తులుగా నిలిచినవి. అందలి పదార్థమును ఆ సంస్థలు నోరు విప్పి చెప్పకున్నను, చిప్పును తెరచి చూచినవారు దశాపరివర్తన మిశ్రమమే యని నిర్ణయించిరి. నీ 21,000 కోట్ల కణములు రెండు చిప్పులలో ఇమిడిపోయినవి!

ఇంజనీరు: ఆ కణములు సున్నాయో ఒకటియో మాత్రమే చెప్పుటకు నేర్చినవి, మాస్టారూ, మధ్యవిలువలను నమ్మకముగా నిలుపుమని వానిని ఎవరును అడుగలేదు. ఆ స్మృతిని ఆప్టేను అను పేర అమ్మిన వ్యాపారమునకు ఇంటెల్ 2022లో స్వస్తి చెప్పినది గదా. పదార్థము చెడ్డదని కాదు. ఒకవైపు డీర్యామ్, మరియొకవైపు ఫ్లాష్ ఏటేట ధర తగ్గించుకొనుచు ముందుకు సాగగా, నడుమ నిలిచిన దానికి బేరము కుదరలేదు. ఇది మొదటిసారి కూడ కాదు. అతివాహకపు జోసెఫ్‌సన్ సంధులతో కంప్యూటరు కట్టవలెనను ప్రయత్నమును ఐబీఎమ్ 1983లో విరమించుకొన్నది. సూపర్ కంప్యూటర్ల నిర్మాతగా ప్రపంచము మ్రొక్కిన సేమూర్ క్రే గాలియము ఆర్సెనైడును నమ్మి క్రే-3 యంత్రమును కట్టగా, ఆయన సంస్థ 1995లో దివాలా తీసినది. మీ మెమ్‌రిస్టరునే పునాదిగా చేసికొని హెచ్‌పీ మహాయంత్రమొకటి కట్టుదుమనినది. ఆ స్మృతి విపణికి రానేలేదు. ప్రయోగశాలలో సిలికానును మించిన పదార్థములు ఎన్నియో గలవు. అవి ఫ్యాబునకు, అనగా చిప్పుల కర్మాగారమునకు, చేరులోపల సిలికాను ఇంకొక తరము ముందునకు పోవుచున్నది.

ఆచార్యులు: నీ చరిత్ర సత్యము, దానినుండి నీవు తీసిన నిర్ణయము అసమగ్రము. సిలికానును తొలగించి దాని స్థానమున కూర్చుండవలెనని వచ్చిన పదార్థములు ఓడిపోయినవి. సిలికాను ఫ్యాబులోనే, సిలికాను చేయలేని ఒక్క పనికి చోటు సంపాదించుకొన్న పదార్థములు నిలిచిపోయినవి. అల్యూమినియము తీగల స్థానమున రాగి తీగలను ఐబీఎమ్ 1997లో ప్రవేశపెట్టగా, పిమ్మట అందరును ఆ మార్గమే పట్టిరి. ట్రాన్సిస్టరు గేటు క్రింది సిలికాను డయాక్సైడు పొర 1.2 నానోమీటర్లకు, అనగా పట్టుమని కొన్ని పరమాణువుల మందమునకు పలుచనై, ఎలక్ట్రాన్లు దానిని దూసుకొని కారిపోవుచుండగా, హాఫ్నియము ఆక్సైడును ఆశ్రయించి 2007లో ఇంటెల్ 45 నానోమీటర్ల చిప్పును విపణికి తెచ్చెను. దానికి పూర్వము ఆ లోహము పేరు ఫ్యాబులలో ఎవరు విన్నారు? ఆ హాఫ్నియము ఆక్సైడుననే, సుమారు పది నానోమీటర్ల పొరలో, ఫెర్రోఎలక్ట్రిక్ ధర్మము, అనగా త్రిప్పినవైపే తిరిగి నిలుచు విద్యుత్ ధ్రువణము, గలదని జర్మనీలోని డ్రెస్డెన్ పరిశోధకులు 2011లో ప్రకటించిరి. దాని ధ్రువణమును త్రిప్పుటకు ప్రవాహముతో పనిలేదు, విద్యుత్ క్షేత్రము చాలును; కావున వ్రాయుటకు పట్టు శక్తి అత్యల్పము. పూర్వపు ఫెర్రోఎలక్ట్రిక్కులలో సీసము వంటి మూలకములుండుట వలన చాల ఫ్యాబులు వానిని గడప తొక్కనీయలేదు. ఇదియో, ఇదివరకే లోపలనున్నది.

ఇచ్చట వాదమును ఒక్క నిమిషము నిలిపి చెప్పదలచిన మాట యొకటి కలదు. భీమునిపట్టణము మొదలు శ్రీకాకుళము వరకు మన సముద్రతీరపు ఇసుకలో ఇల్మెనైటు, గార్నెట్టులతోపాటు జిర్కాను అను జిర్కోనియపు ఖనిజము దొరకును. జిర్కోనియము ఉన్నచోట కొద్దిపాటి హాఫ్నియము తప్పక కలిసియుండును. రెండింటిని విడదీయుట రసాయనశాస్త్రములో కష్టసాధ్యములైన పనులలో నొకటి. అణు రియాక్టరు ఇంధనపు గొట్టములకు జిర్కోనియమును సిద్ధపరచునప్పుడు, హాఫ్నియము న్యూట్రాన్లను హరించును గనుక దానిని వేరుచేయక తప్పదు. హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సు ఈ విద్యలో ఆరితేరినది. పది నానోమీటర్ల పొరకు కావలసిన లోహము స్వల్పాతిస్వల్పమే గాని, ఈ పదార్థశుద్ధి విద్య మన నేలమీద ఇదివరకే వేరూనియున్నదని తెలియుట నాకు ఉత్సాహము కలిగించినది. అంతకంటె ముఖ్యముగా, చరిత్రను గూర్చిన ఈ అంశమున గురువుగారి పక్షమే బలవత్తరమని నా నమ్మకము. పదార్థమును సిలికానునకు ప్రత్యర్థిగా గాక దాని పై అంతస్తులలో నివసించు సహచరిగా భావించినప్పుడు ప్రశ్న యొక్క రూపమే మారుచున్నది. కాని శిష్యురాలి అమ్ములపొదిలో అన్నిటికంటె వాడియైన బాణము ఇంకను మిగిలియున్నది.

ఇంజనీరు: సహచరిగానే రానిండు; నాకు అభ్యంతరము లేదు. ఐనను ఆ సహచరి తాను చెప్పిన మాటపై నిలువవలెను. మీ గాజు ముద్ద వ్రాసిననాటి నిరోధముతో నిలుచునా? లోపలి పరమాణువులు మెల్లమెల్లగా సర్దుకొనుచుండుటచే, గంటలు దినములు గడచినకొలది నిరోధము పెరుగుచునే యుండును. నేడు ఏడని వ్రాసిన అంకె నెల గడచిన పిమ్మట ఆరున్నర యని పలుకును.

ఆచార్యులు: పెరుగునన్నమాట నిజమే, కాని ఆ పెరుగుదల గణితనియమమునకు లోబడినది. జాలమంతటికిని ఉమ్మడిగా నొక గుణకమును అప్పుడప్పుడు సరిదిద్దినచో అధికభాగము పోవును. గాజునకు ప్రక్కగా స్థిరమైన వాహక పొర నొకదానిని జోడించి, చదువునప్పుడు ప్రవాహము దానిగుండ పోవునట్లు చేయుటయు సాధ్యమైనది. ఇది పరిష్కరింపదగిన దోషము.

ఇంజనీరు: సరే, దానిని విడిచెదను. అసలు వాదము వేరు. మోతకూలి నూట అరువది రెట్లని నా అంకెల నుండియే మీరు తేల్చితిరి. ఆ లెక్క ఒక్క వెయిట్టును ఒక్క మారు వాడి విడిచిపెట్టినప్పటి లెక్క. డేటా సెంటరులో ఎవ్వరును అట్లు చేయరు. ఏకకాలమున ప్రశ్న లడుగుచున్న 64 మందిని ఒక బ్యాచీగా కట్టి, స్మృతి నుండి ఒక్క మారు తెచ్చిన వెయిట్టును అరువది నలుగురి లెక్కలకును వాడుదుము. 640 పికోజౌళ్లను 64 మందికి పంచినచో తలకు పదియే గదా! అంతేకాక ప్రాసెసరు ప్రక్కనే అంతస్తులుగా పేర్చిన హెచ్‌బీఎమ్ స్మృతి ఆ కూలిని ఇంకను తగ్గించినది. గూగుల్ 2015లో తన డేటా సెంటర్లలో వాడుట మొదలిడిన తొలి టీపీయూ చిప్పులో 256 అడ్డవరుసలు, 256 నిలువువరుసలుగా 65,536 గుణకములు నిలిచి, ఒకదాని ఫలితమును ప్రక్కదానికి చేతికందించుచు పోయెడివి. స్మృతి ముఖము చూడవలసిన పనియే అరుదు. ఇందులో నూతన పదార్థ మేమియు లేదు. విశాఖలో రానున్న గణనాగారమునందు మీ జాలములు ఆదాచేయునది, మీ ప్రసంగములలో వినబడు నూరు రెట్లు గాక, ఎంతో తక్కువ.

ఆచార్యులు: ఈ బ్యాచీ యుక్తి వెయిట్లకు చెల్లును, అన్నిటికిని చెల్లదు. నేటి భాషా నమూనాలు ఒక్కొక్క సంభాషణలో అంతవరకు నడచిన మాటల సారమును ప్రత్యేకముగా స్మృతిలో నుంచుకొని, కొత్తమాట పలుకునప్పుడెల్ల దాని నంతటిని తిరగవేయును గదా? ఆ సారము ఒకరిది మరియొకరికి పనికిరాదు. అరువది నలుగురికి అరువది నాలుగు మోతలు. సంభాషణ పొడుగైనకొలది ఆ మోత పెరుగును.

ఇంజనీరు: అది మా కంట్లో నలుసే, దాచను. కాని ఆ చోటనే మీ పదార్థము మరింత అశక్తము. ఆ సారము ప్రతి మాటకును కొత్తగా వ్రాయబడవలెను. దశాపరివర్తన కణము పది కోట్ల వ్రాతలను ఓర్చుకొనుననుకొందము. సెకనునకు వేయి మారులు వ్రాసినచో 28 గంటలలో దాని ఆయువు ముగియును. ఫెర్రోఎలక్ట్రిక్ ట్రాన్సిస్టరులోను పొరలు కలియుచోట ఆవేశములు చిక్కుకొని, వ్రాసినకొలది అరుగుదల వచ్చుచున్నది. మారని వెయిట్లను మోయుటకు మీ కణములు సమర్థములు. మారుచుండు సారమును మోయుటకు మరల మా సిలికాను స్మృతులైన డీర్యామ్, ఎస్‌ర్యామ్‌లే దిక్కు.

ఈ మాటకు ఆచార్యులు వెంటనే బదులు చెప్పలేదు. గణనశాస్త్ర పరిచయము లేని పాఠకులకు ఇది సాంకేతికమైన చిక్కువలె తోచవచ్చును గాని, వివాదమునకు ఆయువుపట్టు ఇదియే. పదార్థశాస్త్రజ్ఞులు పత్రికలలో ప్రకటించు శక్తి లెక్కలు చాలవరకు ఒక్క కణమునకు, లేదా ఒక్క జాలమునకు పరిమితములు; యంత్రనిర్మాతలు చెల్లించు బిల్లు యంత్రమంతటిది. ఈ రెండు లెక్కల నడుమనున్న అగాధమును గుర్తింపక పోవుటచేతనే ఒకరికి మహదాశయు, మరియొకరికి తిరస్కారమును కలుగుచున్నవి.

ఆచార్యులు: నీవు బ్యాచీ కట్టుటకు అరువది నలుగురు దొరకుచోటును ఎంచుకొని వాదించుచున్నావు. ఒక్కడే యున్నచోటును చూడుము. చెవిటివాని చెవిలోని యంత్రము. నెట్‌వర్కు అందని మన్యములో ఆశా కార్యకర్త చేతిలో గుండెచప్పుడు విను పరికరము. సౌరఫలకము మీద ఆధారపడి, తోటలో తెగులును ముందుగా పసిగట్టవలసిన కెమెరా. అచ్చట బ్యాచీ లేదు. ప్రశ్న యొక్కటే, అడుగువా డొక్కడే. తెచ్చిన వెయిట్టు ఒక్క మారే వాడబడును. నీ నూట అరువది రెట్లు తు.చ. తప్పక చెల్లవలసివచ్చును. పైగా అట్టి పరికరము దినములో అధికభాగము నిద్రించును. నిద్రించునప్పుడు నీ ఎస్‌ర్యామ్ విద్యుత్తును కార్చుచునే యుండును. నా కణము ఒక్క ఎలక్ట్రానైనను అడుగక జ్ఞాపకము నిలుపుకొని, మేల్కొనిన క్షణమున పనికి సిద్ధమగును. మనుష్యుని మెదడు ఇరువది వాట్లతో పనిచేయుచున్నదని మీవారు ఊరక చెప్పుచుందురే. ఆ పోలికలో నాకు నచ్చునది వాట్ల సంఖ్య కాదు, జ్ఞాపకమును ఆలోచనను వేరువేరు చోట్ల నుంచకపోవుటయే.

ఇంజనీరు: మెదడుతో పోలికను నేనెన్నడును ప్రమాణముగా గొనను, దాని సూత్రములు మనకు తెలిసినది స్వల్పము. కాని ఒక్కడే యున్నచోటు అన్న మాట సరియైనది. అచ్చట మీ పక్షమును నేను అంగీకరించెదను, మాస్టారూ. అచ్చట బ్యాటరీయే హద్దు గనుక ఆదా యంతయు ఆదాగానే మిగులును. డేటా సెంటరులో నట్లు కాదు. ఒక్కొక్క ప్రశ్నకు శక్తి సగమైనచో ప్రశ్నలు రెండింతలగును. ఆవిరియంత్రములు మెరుగైనకొలది ఇంగ్లండులో బొగ్గు వాడుక పెరిగినదని ఆర్థికవేత్త జెవన్స్ 1865లోనే వ్రాసిపెట్టెను. ఎన్విడియా వారి వీ100 చిప్పు 2017లో 300 వాట్లు గ్రహించెడిది. 2022లో వచ్చిన హెచ్100 700 వాట్లు గ్రహించుచున్నది. లెక్కకు పట్టు శక్తి తగ్గినది. చిప్పునకు పట్టు శక్తి పెరిగినది.

ఆచార్యులు: ట్రాన్సిస్టరు చిన్నదైనకొలది విద్యుత్తు వాడుకయు ఆ మేరకు తగ్గునని డెన్నార్డ్ 1974లో చూపిన మార్గము 2005 ప్రాంతమున మూతపడినదనుటకు ఆ 700 వాట్లే సాక్ష్యము గదా! సిలికాను తానే సర్దుకొనునను భరోసా నీకు ఇంకను ఎక్కడిది? మన దేశముననే చూడుము. బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో శ్రీతోష్ గోస్వామి బృందము 2024లో నేచర్ పత్రికలో ప్రకటించిన పనిలో, రుథీనియము గల ఒక అణుసంయోగపు పలుచని పొర 16,500 విభిన్న వాహకత్వ స్థితులను నిలిపినది. అనగా 14 బిట్లు. ఆ జాలమును బల్లమీది సామాన్య కంప్యూటరుతో జోడించి, జేమ్స్ వెబ్ దూరదర్శిని పంపిన సమాచారము నుండి సృష్టిస్తంభములు అను చిత్రమును వారు పునర్నిర్మించిరి. రెండు స్థితులే యని నీవు క్రాస్‌పాయింటును ఆక్షేపించితివి. ఇచ్చట పదునారు వేల అయిదు వందలు.

ఇంజనీరు: ఆ పని చదివి గర్వపడితిని. అందలి జాలము 64 అడ్డతీగలు, 64 నిలువుతీగలు, 4,096 కూడలులు. వేయి తీగలకు పెంచినప్పుడు తీగల నిరోధమే వోల్టేజిని మ్రింగివేయును. అణుపొర ఫ్యాబు వేడిమికి తట్టుకొనవలెను. పది లక్షల కణములలో ఎన్ని చచ్చునో, బ్రతికినవానిలో ఎన్ని ఒక్కతీరున పలుకునో చూడవలెను. మీ విద్యార్థులకు నా మాటగా నొకటి చెప్పుడు: తరువాతి వ్యాసములో కణపు శక్తిని మాత్రమే వ్రాసి సంతోషింపవలదు. పరివర్తకములు, తీగలు, కణములను సరిదిద్దుటకు వ్రాసిన వ్రాతలు, అన్నిటిని కలిపి, ప్లగ్గు వద్ద మీటరు పెట్టి కొలిచి వ్రాయవలెను.

ఆచార్యులు: వ్రాయింతును. నీవును మీ వారికి నా మాటగా నొకటి చెప్పుము: మీ చిప్పు శక్తిని చెప్పునప్పుడు బ్యాచీ 64తో వచ్చిన అంకెను మాత్రమే ముందుకు తోయక, ఒక్క మనుష్యుడు ఒక్క ప్రశ్న అడిగినప్పటి అంకెను, ఎవరును ఏమియు అడుగక నిద్రించినప్పటి అంకెను గూడ దాని ప్రక్కనే అచ్చువేయవలెను.

ఇంజనీరు: న్యాయమే. మా తరువాతి పరీక్షా చిప్పులో పై లోహపు పొరల నడుమ కొంత చోటు మిగులును. కావలెనన్నచో మీ వారు అచ్చట తమ పదార్థమును పరచుకొనవచ్చును. ఒక్క నిబంధన: పరచునప్పుడు గాని, పిమ్మట కాల్చునప్పుడు గాని 400 డిగ్రీలు దాటరాదు. దాటినచో క్రిందనున్న మా రాగి తీగలు చెడిపోవును.

ఆచార్యులు: నా టెల్యూరైడునకు అంత వేడిమి అవసరమే లేదు. హాఫ్నియము పొరకు స్ఫటికత్వము రావలెననినచో ఆ హద్దు ఇరుకుగా నుండును. జిర్కోనియము సగపాలు కలిపి చూడుమని వారితో చెప్పెదను. ముందు తీగల కొలతలు పంపుము.